డబ్బా టీవీలు పదకొండు

ఆమె రాసి పంపిన కాగితంల మొదటి మాట:
డబ్బా టీవీలు పదకొండు.
పల్చటివి వద్దు, గోడకు వేలాడేవి వద్దు,
వీపు ఉన్నవి కావాలె,
మోస్తే నడుము పట్టేసేవి.

నేనూ షంసూ పికప్పుల షార్జా అంతా జల్లెడ పట్టినం.
రోలా బజార్ల నవ్విండ్రు.
సజా స్క్రాప్ యార్డుల గుల్ జమాన్
టార్పాలిన్ ఎత్తి చూపిండు.
మోకాళ్ళ మీద కూసున్నట్టు గాజు మొహాలు,
బటన్ల సందుల్ల ఇసుక.
అక్కడ ఏడు.
అజ్మాన్ల ఒక మంగలి షాపుల మూడు.
పదకొండోది మా క్యాంపు మెస్సుల నుంచి దించుకొచ్చిన,
చారు తాళింపు జిడ్డుతో సహా.

ముప్పై ఎనిమిదేండ్ల పని ఆమెది.
మూడు పెట్టెల్ల దిగింది.
హాలు గోడ మీద ఆమె బతుకును సంవత్సరాలుగా అంటించిండ్రు,
ఏ ఊళ్ళె ప్రదర్శన, ఏ బహుమతి.
నేను చేతులతో లెక్క పెట్టిన:
మొదట ఇటుకంత క్యాసెట్,
తర్వాత అరచెయ్యంత, తర్వాత అగ్గిపెట్టెంత,
ఆఖరికి ఏమీ లేదు, ఒక ఫైలు పేరు.
పేరు పెరిగిన కొద్దీ ఆమె పని బరువు తగ్గింది.
మా పనిల అట్ల ఎన్నడూ జరగలే.

మెరెరిడ్ అంటే ముత్యం అట.
ఆఫీసోళ్ళు సంబరపడి,
ముత్యాల సముద్రానికి ముత్యం వచ్చిందని
పెద్ద అక్షరాల్ల రాయించిండ్రు.
ఆమె మొహం చిట్లించి
పెన్సిలుతో అడ్డగీత కొట్టింది.

"ఇంగ్లీషామెకు కోపమెక్కువ" అన్నడు షంసు.
ఆమె నిచ్చెన దగ్గర ఆగింది.
"ఇంగ్లీషు కాదు. వేల్స్."
ఆ తర్వాత వాళ్ళ భాషల ఏదో గొణిగింది,
గొంతుల గులకరాళ్ళు దొర్లినట్టు.
నాకు కోపం రాలే.
పన్నెండేండ్ల నుంచి నన్ను మద్రాసీ అనే ఫోర్మన్
నాకూ ఒకడున్నడు.

గోడ మీద ఒక చోట పదేండ్లు లేవు.
అంటించుడు మర్చిపోయిండ్రేమో అని అడిగిన.
"లేవు" అంది.
"బడిల పిల్లలకు కెమెరా పట్టుడు నేర్పిన,
మా అమ్మకు స్నానాలు పోసిన."
ఆ పదేండ్ల తర్వాతే
వానల తడిసిన గొర్రెల దారిని
నలభై నిమిషాలు కదలకుండా తీసిందట.
అరవై దాటినంక ఎవరో పిలిచి
కొత్త గొంతు అని బహుమతి ఇచ్చిండ్రట.
అది చెప్పి ఎంత నవ్విందో,
టేపు చుట్ట చేతిల నుంచి జారింది.

పదకొండో టీవీకి రోగముంది.
ఏండ్ల తరబడి ఒకటే వార్తల ఛానల్,
కింది పట్టీ గాజుల కాలి దిగబడ్డది.
ఆపేసినా కనిపిస్తది, మచ్చ లెక్క.
దాన్ల ఆమె మొదటి క్యాసెట్ పెట్టిన.
పలకరాయి గనిల పనిచేసిన వాళ్ళ నాయిన,
వంటింటి బల్ల ముందు,
తొడల మధ్య నల్లరాయి, చేతిల ఉలి.
ఆయన ఛాతీ మీద మా పట్టీ.

"మార్పిస్తనమ్మా, గుల్ జమాన్ దగ్గర ఇంకొకటుంది."
ఆమె కింద కూసుంది. మోకాలు టక్కుమంది.
"ఏం రాసుంది అక్కడ?"
కండ్లు చికిలించి చదివిన.
మొదటి ముక్క ఒక్కటే తేటగుంది: బ్రేకింగ్.
"అవతల ఏముండెనో గాజుకు యాది లేదమ్మా."
తెర మీద ముసలాయన ఉలి మీద ఒక దెబ్బ వేసిండు.
రాయి పుస్తకం తెరిచినట్టు
రెండు రేకులుగ విడిచింది.

"ఉండనీ" అంది.

రాత్రి క్యాంపుకు పోతే
వంట ఎల్లేశం గరిటెతో అడ్డం నిలబడ్డడు.
"టీవీ ఎప్పుడొస్తది? ఐతారం మ్యాచుంది."
మూడు నెలలన్న.
"ఏమాడుతున్నరు దాన్ల?"
ఒక ముసలాయన రాయి చీలుస్తడన్న,
అయిపోంగనే మళ్ళా మొదటి నుంచి.
"దానికి టికెటా?"
ఊకె చూడొచ్చన్న.
వాడు నమ్మలే.

మెస్సు గోడకు టీవీ ఉన్న జాగల
పొగ పట్టని తెల్లటి చదరం.
అయినా అందరూ పళ్ళాలు పట్టుకొని
అటు తిరిగే తింటున్నరు.